పాత కారుకు పొగ పరీక్ష

పిల్లలూ! ఎండిన పత్తికట్టె పొయ్యిలో పెడితే ఎలా మండుతుందో మీకు తెలుసు. భగ్గున మండుతుంది. మంట పచ్చగా, చురుగ్గా ఉంటుంది. పొగ అంతగా రాదు. అదే కట్టె వానకు తడిసిందనుకోండి, లేదా పొయ్యి నిండా కుక్కి కుక్కి పెట్టారనుకోండి, ఏమవుతుంది? మంట తగ్గుతుంది. పొగ పెరుగుతుంది. కళ్ళు మండుతాయి, గిన్నె అడుగు మసిబారుతుంది. అన్నం మాత్రం ఎంతకీ ఉడకదు!

కట్టె అదే, పొయ్యి అదే. మరి తేడా ఎక్కడ వచ్చింది? మండే తీరులో వచ్చింది. ఈ చిన్న సంగతి బాగా గుర్తు పెట్టుకోండి. ఈ పాఠమంతా దీని మీదే నడుస్తుంది. ఎందుకంటే కారు ఇంజను కూడా ఒక పొయ్యే. కాకపోతే మూత బిగించిన పొయ్యి. లోపల మంట ఎలా మండుతున్నదో మనకు కనిపించదు. వెనక గొట్టంలోంచి వచ్చే పొగను చూసి తెలుసుకోవాలి.

తాతయ్య కారు

మీ తాతయ్య కనిగిరిలో ఉంటారనుకుందాం. ఆయనకు 1998 నాటి మారుతి 800 కారు ఒకటి ఉంది. నానమ్మను ఒంగోలులో కంటి డాక్టరుకు చూపించాలన్నా, పొదిలిలో పెళ్ళికి వెళ్ళాలన్నా, మార్కాపురంలో రైలు ఎక్కాలన్నా ఆ కారే దిక్కు. దాని పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అయిపోయింది. తాతయ్య పెట్రోలు బంకు దగ్గర ఉన్న పరీక్ష కేంద్రానికి కారు తీసుకువెళ్ళారు. అక్కడివాళ్ళు పొగగొట్టంలో ఒక గొట్టం దూర్చి, యంత్రం వైపు చూసి తల అడ్డంగా ఊపారు.

“తప్పింది పెద్దాయనా! కార్బన్ మోనాక్సైడ్ 4.6 వచ్చింది. 3 దాటకూడదు.”

తాతయ్య దిగులుగా ఇంటికి వచ్చారు. విషయం విన్న ఓ తెలిసినాయన, “దీనికింత బాధెందుకు బాబాయ్? కారు తీసుకుపోనక్కర్లేదు. నాలుగు డబ్బులు ఎక్కువిస్తే కాయితం ఇంటికే తెచ్చిస్తాను” అన్నాడు.

ఇప్పుడు తాతయ్య మీ వైపు చూసి, “నువ్వు సైన్సు చదువుతున్నావు గదా! నువ్వు చెప్పు, ఏం చేద్దాం?” అని అడిగారు. మీరేం చెబుతారు? జవాబు చెప్పే ముందు అసలు ఆ 4.6 అంటే ఏమిటో తెలుసుకోవాలి గదా! రండి, తెలుసుకుందాం.

ఒక లీటరు పెట్రోలుకు ఎంత గాలి?

పెట్రోలులో ఉన్నవి ముఖ్యంగా రెండే మూలకాలు. ఒకటి కార్బన్, రెండోది హైడ్రోజన్. అందుకే వాటిని హైడ్రోకార్బన్లు అంటారు. ఇవి పూర్తిగా మండితే హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. మీ తాతయ్య బడిలో చదువుకున్నప్పుడు దాన్నే బొగ్గుపులుసు వాయువు అని ఉంటారు.

ఇలా పూర్తిగా మండాలంటే 1 కిలో పెట్రోలుకు దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అంటే లీటరు పెట్రోలుకు దాదాపు 11 కిలోల గాలి కావాలన్నమాట. 11 కిలోల గాలి ఎంత చోటు పడుతుందో తెలుసా? సుమారు 9,000 లీటర్లు! 200 లీటర్లు పట్టే పెద్ద డ్రమ్ములు 45 నింపవచ్చు. కారు తాగేది పెట్రోలే అని మనం అనుకుంటాం గాని, నిజానికి అది అంతకు వేల రెట్ల గాలిని పీలుస్తుంది.

మరి గాలి చాలకపోతే? అప్పుడు ప్రతి కార్బన్ పరమాణువుకూ రెండేసి ఆక్సిజన్ పరమాణువులు దొరకవు. కొన్నింటికి ఒక్కటే దక్కుతుంది. అలా సగం మండి మిగిలిపోయిన వాయువే కార్బన్ మోనాక్సైడ్. కట్టెలు కుక్కి పెట్టిన పొయ్యిలో జరిగేది కూడా ఇదే.

ఇందులో నష్టం కూడా ఉంది. కార్బన్ పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్ అయితే 100 పాళ్ళ వేడి వస్తుందనుకుంటే, కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతే 28 పాళ్ళే వస్తుంది. మిగిలిన 72 పాళ్ళూ గొట్టం గుండా గాలిలో కలిసిపోతాయి. పొగలో 4.6 శాతం కార్బన్ మోనాక్సైడ్ ఉందంటే, ఆ నిమిషాన పెట్రోలులోని కార్బన్‌లో పావు వంతుకు పైగా ఇలా అరకొరగా మండి పోతున్నదన్నమాట. తాతయ్య పెట్రోలుకు పెట్టిన డబ్బే అలా పొగై పోతున్నది!

కంటికి కనబడని శత్రువు

డబ్బు పోవడం ఒక ఎత్తు. ప్రాణం మీదికి రావడం మరో ఎత్తు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నల్లటి పొగ వస్తే మనం ముక్కు మూసుకుని పక్కకు జరుగుతాం. ఈ వాయువు వస్తున్నట్టే మనకు తెలియదు.

మన రక్తంలో హెమోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం ఉంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను ఎక్కించుకుని ఒళ్ళంతా చేరవేయడం దాని పని. బస్సులో సీట్లలాగా అందులో ఆక్సిజన్‌కు చోట్లు ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్ వస్తే ఆ సీట్లను ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి కూర్చున్నదంటే త్వరగా లేవదు. ఆక్సిజన్‌కు చోటు దొరకదు. మొదట తలనొప్పి, తర్వాత వికారం, మగత, చివరికి స్పృహ తప్పడం జరుగుతాయి.

ఒక లెక్క వేద్దాం. పలక తీసుకోండి! తాతయ్య కారు పెట్టే షెడ్డు 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు ఉందనుకుందాం. దాని ఘనపరిమాణం 37.5 ఘనపు మీటర్లు, అంటే 37,500 లీటర్లు. ఇంజను నిలిచిన చోట ఊరికే నడుస్తూ నిమిషానికి 100 లీటర్ల పొగ వదులుతుందనుకుందాం. అందులో 4.6 శాతం కార్బన్ మోనాక్సైడ్, అంటే నిమిషానికి 4.6 లీటర్లు. తలుపులు మూసి ఉంచితే 10 నిమిషాలకు 46 లీటర్లు. 46ను 37,500తో భాగించి చూడండి. పది లక్షల భాగాల గాలిలో 1,200 భాగాలకు పైగా వస్తుంది. తక్షణం ప్రాణాపాయం కలిగించగలదని వృత్తి ఆరోగ్య నిపుణులు గీసిన హద్దు కూడా 1,200 భాగాలే!

కాబట్టి మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. చలికాలంలో కారు అద్దాలన్నీ బిగించుకుని, ఇంజను నడుస్తుండగా లోపల నిద్రపోకూడదు. ఈ మాట మీ ఇంట్లో అందరికీ చెప్పండి. పాఠమంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట మరవకండి.

బయట రోడ్డు మీద గాలి ఎక్కువ కాబట్టి ఈ వాయువు పలచబడుతుంది. అయినా హద్దు ఉంది. 2009లో మన దేశం ప్రకటించిన గాలి ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో గంట సగటున 4 మిల్లీగ్రాముల కార్బన్ మోనాక్సైడ్ మించకూడదు. అంటే పది లక్షల్లో సుమారు మూడున్నర భాగాలు. 3 శాతం ఉన్న పొగ ఆ స్థాయికి పలచబడాలంటే, ప్రతి లీటరు పొగకూ 8,000 లీటర్లకు పైగా మంచి గాలి కావాలి. ఇరుకు బజారులో వరసగా బండ్లు ఆగిపోతే అంత గాలి ఎక్కడ దొరుకుతుంది? పొగగొట్టం నేలకు దగ్గరగా ఉంటుంది. చేయి పట్టుకుని నడిచే మీ చిన్న చెల్లెలి ముక్కు దానికి మీ నాన్నగారి ముక్కుకంటే దగ్గర. రోజంతా రోడ్డు పక్కనే కూర్చుని పళ్ళు అమ్ముకునే అవ్వకైతే తప్పించుకునే దారే లేదు.

యంత్రం ఎలా కనిపెడుతుంది?

రంగూ వాసనా లేని వాయువును యంత్రం ఎలా పట్టుకుంటుంది? ఇందులో ఒక చక్కని కిటుకు ఉంది.

ఎండలో మన కంటికి కనిపించే రంగులే కాక, కనిపించని వేడి కిరణాలు కూడా ఉంటాయని 1800లో విలియం హెర్షెల్ కనిపెట్టాడు. వాటినే పరారుణ కిరణాలు అంటాం. 1859లో జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త కొన్ని వాయువులు ఈ కిరణాలను మింగేస్తాయనీ, కొన్ని మింగవనీ ప్రయోగం చేసి చూపించాడు. ఆక్సిజన్, నైట్రోజన్ వీటిని పట్టించుకోవు. కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోకార్బన్లు మాత్రం ఒక్కొక్కటి తనకు నచ్చిన తరంగాన్ని ఏరుకుని మింగుతాయి.

పరీక్ష యంత్రంలో ఒక చిన్న గది ఉంటుంది. దానికి ఒక వైపు పరారుణ కిరణాలను పంపే దీపం, రెండో వైపు వాటిని కొలిచే పరికరం. పొగను ఆ గదిలోకి లాగుతారు. కార్బన్ మోనాక్సైడ్ మింగే కిరణం ఎంత తగ్గిందో చూస్తే, ఆ వాయువు ఎంత ఉందో తెలుస్తుంది. హైడ్రోకార్బన్లకూ ఇదే పద్ధతి. కిరణాలను మింగని ఆక్సిజన్‌ను మాత్రం బ్యాటరీలాంటి ఒక చిన్న రసాయన ఘటంతో కొలుస్తారు.

పరీక్షకు ఇంజను బాగా వేడెక్కి ఉండాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజనును దాని మానాన నడవనిచ్చి, గొట్టాన్ని పొగగొట్టంలోకి జానెడున్నర దాకా దూర్చి, అంకెలు నిలకడగా నిలిచాక చదువుతారు.

మన దేశంలో ఈ హద్దులు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 115వ నియమం కింద ఉన్నాయి. బండి తయారైన కాలాన్ని బట్టి హద్దు మారుతుంది. భారత్ స్టేజ్ 2 ప్రమాణాలకు ముందు తయారైన పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల్లో 1,500 భాగాలు దాటకూడదు. స్టేజ్ 2, 3 కార్లకు అవి 0.5 శాతం, 750 భాగాలు. స్టేజ్ 4 కార్లకు 0.3 శాతం, 200 భాగాలు. చూశారా, కొత్త బండికి హద్దు ఎంత కఠినమైందో! డీజిల్ బండ్లకు పరీక్ష వేరు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, వచ్చే పొగ వెలుతురును ఎంత అడ్డుకుంటుందో కొలుస్తారు.

కొత్త కార్లకు అంత చిన్న హద్దు ఎలా సాధ్యమైంది? వాటిలో పెట్రోలును కంప్యూటరు కొలిచి చిమ్ముతుంది. పొగ దారిలో ఉత్ప్రేరక పెట్టె ఒకటి ఉంటుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాల పలచని పూత ఉన్న ఆ పెట్టెలో, సగం మండిన వాయువులు పూర్తిగా మండుతాయి. సీసం కలిసిన పెట్రోలు పోస్తే ఆ పూత పాడైపోతుంది. అందుకే మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు ఈ పెట్టెలతో పాటు సీసం లేని పెట్రోలు తెచ్చారు. 2000 నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. తాతయ్య కారు 1998లో మహానగరాలకు దూరంగా అమ్మినది. దానికి కంప్యూటరూ లేదు, ఈ పెట్టే లేదు. ఉన్నదల్లా కార్బురేటరు.

కార్బురేటరు అనే సెంటుబుడ్డి

పెళ్ళిలో పన్నీరు చిలకరించే బుడ్డిని చూశారు గదా! గాలి వేగంగా వెళ్ళే చోట ఒత్తిడి తగ్గుతుంది. అక్కడికి ద్రవం పైకి ఎగబాకి తుంపరలవుతుంది. కార్బురేటరు కూడా ఇలాంటిదే. ఇంజను గాలి పీల్చినప్పుడు ఇరుకైన గొంతులోంచి గాలి దూసుకుపోతుంది. ఆ ఊపుకు సన్నని రంధ్రంలోంచి పెట్రోలు తుంపరలుగా వచ్చి గాలిలో కలుస్తుంది.

చలిలో ఇంజను త్వరగా అందుకోవడానికి పెట్రోలు పాలు పెంచాలి. అందుకు చోక్ అనే రేకు ఉంది. అది గాలి దారిని కొంత మూస్తుంది. ఇంజను వేడెక్కాక చోక్ పూర్తిగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే? గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది.

అలాగే గాలి లోపలికి వెళ్ళే దారిలో ఎయిర్ ఫిల్టర్ ఉంటుంది. మన మెట్ట ప్రాంతంలో ఎండాకాలం దుమ్ము ఎంతో మీకు తెలుసు. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది. ముక్కు మూసుకుపోయిన మనిషి ఊపిరికి తంటాలు పడినట్టే ఇంజను కూడా తంటాలు పడుతుంది.

రెండు అంకెలు, రెండు జబ్బులు

నాడి చూసి వైద్యుడు జబ్బు చెప్పినట్టు, ఈ రెండు అంకెలను చూసి మెకానిక్ ఇంజను జబ్బు చెప్పగలడు.

కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువైతే గాలి చాలడం లేదన్నమాట. పూడిన ఎయిర్ ఫిల్టర్, తెరుచుకోని చోక్, కార్బురేటరులో పెట్రోలు మట్టం పెరగడం, సర్దుబాటు స్క్రూ తప్పడం వంటివి కారణాలు. స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే పొడి మసితో నల్లగా ఉంటుంది.

హైడ్రోకార్బన్లు ఎక్కువైతే పెట్రోలు అసలు మండకుండానే బయటికి వస్తున్నదన్నమాట. నిప్పు పడటం లేదు. ఇంకో లెక్క చూడండి. మూడు సిలిండర్ల ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే, ప్రతి రెండు చుట్లకు ఒక్కో సిలిండరులో ఒకసారి నిప్పురవ్వ పడాలి. అంటే నిమిషానికి 1,350 నిప్పురవ్వలు. 20కి ఒకటి తప్పినా నిమిషానికి 67 సార్లు పచ్చి పెట్రోలు బయటికి పోతుంది. అరిగిన ప్లగ్గు, చిట్లిన తీగ, తప్పిన టైమింగ్, సరిగా మూసుకోని కవాటం ఇందుకు కారణాలు. పెట్రోలు మరీ తక్కువై గాలి మరీ ఎక్కువైనా మిశ్రమం అంటుకోక ఇలాగే జరుగుతుంది.

ఇక కంటికి కనిపించే గుర్తులు కొన్ని ఉన్నాయి. నీలిరంగు పొగ వస్తే ఇంజనాయిలు కాలుతున్నది. పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. పొద్దున్నే కాసేపు తెల్లటి ఆవిరి వస్తే భయం లేదు, అది నీరే. ఇంజను వేడెక్కాక కూడా ఆగకుండా వస్తూ, రేడియేటరులో నీళ్ళు తగ్గిపోతుంటే మాత్రం మెకానిక్‌కు చూపించాలి.

ఈ మధ్య ఇంకో మార్పు వచ్చింది. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం అమల్లోకి వచ్చింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి బయటి గాలి తక్కువ చాలు. పాత కార్బురేటరుకు ఈ సంగతి తెలియదు. ఎప్పటిలాగే గాలి కలుపుతుంది. దాంతో కార్బన్ మోనాక్సైడ్ కొంత తగ్గవచ్చు గాని, మిశ్రమం మరీ పలచనైతే నిప్పు తప్పి హైడ్రోకార్బన్లు పెరగవచ్చు. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు దెబ్బతింటాయి కూడా. కాబట్టి పాత కారు పెట్రోలు గొట్టాలను అప్పుడప్పుడు పరీక్షించాలి.

ఏది ముందు, ఏది వెనక?

ఇప్పుడు తాతయ్య కారు దగ్గరికి వద్దాం. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, అంకె ఎక్కువ వచ్చిందనగానే ముందు కార్బురేటరు స్క్రూ తిప్పేస్తారు. జ్వరం వస్తే థర్మామీటరును చన్నీళ్ళలో ముంచినట్టు! అంకె తగ్గుతుంది గాని జబ్బు అలాగే ఉంటుంది. సరైన వరస ఇది:

1. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడాలి. పూడుకుపోతే కొత్తది వేయాలి.
2. చోక్ పూర్తిగా తెరుచుకుంటున్నదో లేదో చూడాలి.
3. ప్లగ్గులు తీసి శుభ్రం చేయాలి. మొనల మధ్య ఎడం సరిచూడాలి. అరిగితే మార్చాలి.
4. ఇంజనాయిలు పాతదైతే మార్చాలి. అందులో కలిసిన పెట్రోలు ఆవిరై మళ్ళీ ఇంజనులోకి వెళ్ళి అంకెను పెంచుతుంది.
5. నిప్పు టైమింగ్, కవాటాల ఎడం సరిచేయించాలి.
6. పొగగొట్టానికి చిల్లులుంటే అతికించాలి.
7. ఇవన్నీ అయ్యాక, చిట్టచివర, యంత్రంలో అంకె చూస్తూ స్క్రూ సర్దాలి.
8. పరీక్షకు వెళ్ళేముందు కారును పది పదిహేను నిమిషాలు రోడ్డు మీద నడపాలి.

ఇందులో మీరు చేయవలసినవి చూడటం, రాసుకోవడం మాత్రమే. విప్పడం, బిగించడం మెకానిక్ పని. నడుస్తున్న ఇంజను దగ్గర చేతులు పెట్టకండి.

మన తాతయ్య కారులో ఫిల్టర్ మార్చగానే 4.6 కాస్తా 3.4 అయిందనుకుందాం. ప్లగ్గులు, ఆయిలు మార్చాక 2.9. చివర స్క్రూ సర్దాక 1.6. హైడ్రోకార్బన్లు 480. కారు నెగ్గింది! ఖర్చయిన డబ్బులో కొంత పెట్రోలు ఆదాలోనే తిరిగి వస్తుంది.

మరి ఆ తెలిసినాయన మాట?

ఇప్పుడు తాతయ్యకు జవాబు చెప్పండి. ఇంటికి తెచ్చే కాయితం మీద 1.6 అని రాయించుకోవచ్చు. కాని కారు మాత్రం 4.6 వదులుతూనే ఉంటుంది. వెనక సీటులో కూర్చునే నానమ్మకు కాయితం మీది అంకెతో పని లేదు. ఆమె పీల్చేది నిజమైన గాలి. పరీక్ష రోజున స్క్రూ ఒక తిప్పు తిప్పి, మర్నాడు మళ్ళీ వెనక్కి తిప్పేవారిదీ ఇదే మోసం. పరీక్షలో పక్కవాడిది చూసి రాస్తే మార్కులు వస్తాయి, చదువు రాదు గదా!

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. కొత్త బండికి మొదటి ఏడాది తర్వాత ఈ సర్టిఫికెట్ తప్పనిసరి. పాత రకం బండ్లకు అది 6 నెలలు, స్టేజ్ 4, ఆ తర్వాతి బండ్లకు ఏడాది చెల్లుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం హద్దు మీరి పొగ వదిలే బండికి 10,000 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. 2021లో సర్టిఫికెట్‌కు దేశమంతటా ఒకే నమూనా, క్యూఆర్ కోడ్ తెచ్చారు. తప్పిన బండికి కారణం తెలిపే తిరస్కరణ చీటీ ఇవ్వాలన్నారు. ఆ చీటీ ఇస్తే పారేయకండి. మెకానిక్‌కు అదే వైద్యుడి చీటీ.

అయితే ఈ పరీక్ష అన్నీ చెప్పదు. బండి నిలబడి ఉన్నప్పుడు చేసేది కాబట్టి, పరుగెత్తేటప్పుడు వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లను ఇది కొలవదు. 1950 ప్రాంతాల్లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరం మీద కమ్ముకున్న పొగమంచుకు కారణమేమిటా అని హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త వెతికాడు. బండ్ల నుంచి, చమురు కర్మాగారాల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్ అనే ఘాటు వాయువుగా మారుతున్నాయని తేల్చాడు. కాబట్టి పరీక్ష నెగ్గినంత మాత్రాన పొగ మంచిదైపోదు. చెడు తగ్గిందని మాత్రమే అర్థం. దగ్గర పనులకు నడకా, సైకిలే మేలు.

చేసి చూడండి

పెద్దవాళ్ళను దగ్గర పెట్టుకుని ఒక కొవ్వొత్తి వెలిగించండి. పొడవైన స్టీలు గరిటెను పిడి దగ్గర గుడ్డతో పట్టుకుని, పచ్చని మంట మధ్యలో మూడు సెకన్లు ఉంచి తీయండి. నల్లటి మసి అంటుతుంది. తుడిచి చల్లార్చి, ఈసారి మంట కొసకు నాలుగు అంగుళాల పైన ఉంచండి. మసి దాదాపు అంటదు. ఎందుకని? మంట మధ్యలో గాలి చాలక కార్బన్ మండకుండా మిగిలింది. పైకి వచ్చేసరికి గాలి దొరికి మండిపోయింది. మీరు ఇప్పుడు చేసింది కూడా ఒక పొగ పరీక్షే!

మీరే మెకానిక్ అయితే?

మూడు పాత పెట్రోలు కార్లు మీ దగ్గరికి వచ్చాయి. హద్దులు తాతయ్య కారువే. జబ్బేమిటో చెప్పండి.

1. కార్బన్ మోనాక్సైడ్ 5.2 శాతం, హైడ్రోకార్బన్లు 900.
2. కార్బన్ మోనాక్సైడ్ 0.6 శాతం, హైడ్రోకార్బన్లు 3,800.
3. కార్బన్ మోనాక్సైడ్ 1.1 శాతం, హైడ్రోకార్బన్లు 400. కాని కార్బన్ డయాక్సైడ్ 7 శాతమే ఉంది, ఆక్సిజన్ 10 శాతం ఉంది.

జవాబులు: 1. గాలి చాలడం లేదు. ఫిల్టర్, చోక్ చూడాలి. 2. నిప్పు తప్పుతున్నది. ప్లగ్గులు, తీగలు చూడాలి. 3. నెగ్గినట్టు కనిపిస్తుంది గాని నెగ్గలేదు! బాగా మండిన పొగలో కార్బన్ డయాక్సైడ్ 13 నుంచి 15 శాతం దాకా ఉండాలి, ఆక్సిజన్ కొద్దిగానే మిగలాలి. ఇక్కడ బయటి గాలి కలిసింది. పొగగొట్టానికి చిల్లు ఉంది, లేదా పరీక్ష గొట్టం సరిగా దూర్చలేదు. నీళ్ళు కలిపితే పాలు పలచబడినట్టు అంకెలు పలచబడ్డాయి.

మూడోదాన్ని పట్టుకోగలిగితే మీరు తాతయ్యకు మంచి సలహాదారు అయినట్టే!